ముట్లుడిగాక మూత్రంలో మంట, ఆగని తొందర: ఇంట్లో చేసుకోవలసినవి, డాక్టర్ని అడగవలసినవి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో యాభై దాటిన ఆడమనిషి మూత్రం పోస్తుంటే మంట అందంటే వినిపించే మొదటి మాట "వేడి చేసుంటుంది". బార్లీ నీళ్లు కాస్తారు, సబ్జా గింజలు నానబెడతారు, కొబ్బరిబొండాం తెప్పిస్తారు. రెండు రోజులు చూసి మందుల షాపుకి ఎవరో ఒకర్ని పంపి నాలుగు మాత్రలు తెప్పిస్తారు. కాస్త నెమ్మదిస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది.

ఇలా తిరిగేవాళ్లలో చాలామందికి అసలు కారణం వేడి కాదు. ప్రతిసారీ ఇన్ఫెక్షన్ కూడా కాదు. ముట్లు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోయి యోని గోడలూ మూత్రం దారీ పలచబడి ఎండిపోవడమే కారణం. ఒంట్లోంచి సెగలు కొట్టడం చాలామందికి కొన్నేళ్లకు దానంతటదే తగ్గుతుంది గానీ ఇది తగ్గదు, వదిలేస్తే ఏటికేడు ముదురుతుంది. దీనికి సరైన మందు ఉంది. చెప్పుకోవడానికి ఈమె సిగ్గుపడుతుంది, అడగడానికి డాక్టరుకు తీరిక ఉండదు, అందుకే ఆ మందు అందవలసినవాళ్లకు అందడం లేదు.

లోపల ఏం మారుతుంది

వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకే జరుగుతుంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసి ఉంటే ఆపరేషన్ రోజే ముట్లుడిగినట్టు, అప్పటికి వయసు 38 అయినా సరే. ఏం తీశారో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. బీరువాలో అడుగున ఉన్నా సరే దాన్ని వెతికి పైన పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ యోని లోపలి పొర మందంగా, తడిగా ఉంటుంది. ఆ పొరలో ఉండే గ్లైకోజెన్ ఆధారంగా లాక్టోబాసిల్లై అనే మేలు చేసే సూక్ష్మజీవులు బతుకుతూ ఆమ్లం తయారుచేస్తాయి. అక్కడి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు నిలవలేవు. ముట్లుడిగాక పొర ఉల్లిపొరంత పలచన అవుతుంది, గ్లైకోజెన్ తగ్గుతుంది, పీహెచ్ 5 దాటుతుంది. మలద్వారం దగ్గర ఎప్పుడూ ఉండే ఇ.కోలై అనే సూక్ష్మజీవి మెల్లగా ముందుకు పాకి అక్కడ స్థిరపడుతుంది. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి లోపలికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఆ నాళమూ, మూత్రాశయం అడుగుభాగమూ ఈస్ట్రోజెన్ మీద ఆధారపడినవే. అవీ పలచబడతాయి గనక సూక్ష్మజీవి లేకపోయినా మంట పుడుతుంది, మూత్రం సంచి నిండకుండానే తొందర పుడుతుంది. ఈ మొత్తానికి 2014లో వైద్యులు పెట్టిన పేరు జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్. మందుల చీటీలో జి.ఎస్.ఎమ్. అని కనిపిస్తే అది ఇదే.

ఇవి ఉంటే ఇంటి వైద్యం పెట్టుకోవద్దు

చలితో జ్వరం, నడుము పక్కన డొక్కలో నొప్పి, వాంతులు కలిసి వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రైనా సరే. కడుపు ఉబ్బి మూత్రం బొత్తిగా రాకపోయినా అంతే. నడుంనొప్పితో పాటు కాళ్ల మధ్య తిమ్మిరెక్కి మూత్రం తెలియకుండా పోతుంటే అదీ అత్యవసరమే.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి మాయమైనా వదిలేయకూడదు. ఇన్ఫెక్షన్ మందు వాడాక కూడా పరీక్షలో రక్తం ఉంటే స్కాను, సిస్టోస్కోపీ (సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) అడగాలి. గంజాం, శ్రీకాకుళం తీరం ఊళ్లలో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని. ఏ రకంగా తాగినా పొగాకు పొగకు మూత్రాశయం క్యాన్సర్‌తో సంబంధం ఉంది. అలవాటు ఉన్న అమ్మమ్మకి ఎర్రగా మూత్రం వస్తే "వేడి" అనే మాట ఎత్తవద్దు.

ముట్లు ఆగి ఏడాది దాటాక యోని నుంచి ఒక్క చుక్క రక్తం కనిపించినా గర్భసంచి స్కాను చేయించాలి. అది మూత్రంలోంచా, యోనిలోంచా తేల్చుకోలేకపోతే శుభ్రమైన తెల్లగుడ్డ ముక్క ఒకటి యోని దగ్గర పెట్టి, మూత్రానికి వెళ్లకముందే తీసి చూడండి, దానికి రక్తం అంటితే అది యోనిలోంచే. ముసలివాళ్లలో ఉన్నట్టుండి తికమక, తూలు, ఏం మాట్లాడుతున్నారో తెలియకపోవడం లాంటివి మొదలైతే ఆలస్యం చేయకుండా చూపించాలి. దానికి ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణం కాదు, షుగర్ పడిపోవడమో సోడియం తగ్గడమో కూడా కావచ్చు.

మీది ఏ రకం బాధ

మూత్రం పోస్తుంటే మంట, మాటిమాటికి వెళ్లడం, పొత్తికడుపులో నొప్పి ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా వస్తే ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు. నెలల తరబడి సన్నగా మంట, దురద, కూర్చుంటే ఒరుసుకున్నట్టుండడం, భర్తతో కలిసినప్పుడు నొప్పి, ఆ మర్నాడు మూత్రం మంట ఉంటే పొడిబారడం అనుకోవాలి. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా చుక్కలు పడితే కింది కండరాలు వదులయ్యాయి. తాళం తీసేలోపే, కుళాయి చప్పుడు వినగానే ఆగకపోతే మూత్రాశయం అతిగా స్పందిస్తోంది. కింద ఏదో జారినట్టు, సాయంత్రానికి బరువుగా అనిపించి, పడుకుంటే తగ్గితే గర్భసంచి జారి ఉండొచ్చు. జారిన దాన్ని నిలబెట్టడానికి రబ్బరు లాంటి రింగు పెట్టే పద్ధతి ఉంది, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. రెండు మూడు కలిసి ఉండడం మామూలే.

ఇవన్నీ కాకుండా షుగర్ ఒకటి. మాటిమాటికి మూత్రం, దాహం ఉంటే ముందు రక్తంలో షుగర్ చూపించండి. షుగర్‌కి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే అవి షుగర్‌ని మూత్రంలోకి పంపేస్తాయి. దానివల్ల మూత్రం ఎక్కువవుతుంది, కింద ఫంగస్ పట్టి దురదా వస్తుంది. ఈ సంగతి డాక్టరుకు చెప్పండి గానీ మాత్ర మీకు మీరే మానేయకండి.

మూడు రోజుల లెక్క

ఖర్చు లేని పరీక్షల్లో దీన్ని మించింది లేదు. ఒక లీటరు నీళ్ల సీసా పైభాగం కోసేసి, కొలత గ్లాసుతో నీళ్లు పోస్తూ ప్రతి 100 మి.లీ. దగ్గరా పెన్నుతో గీత పెట్టండి. మూడు రోజులు మూత్రం అందులోనే పోసి, టైము, ఎంత వచ్చింది, తొందర ఉందా, బట్ట తడిసిందా అని రాయాలి. పక్కన తాగినవి కూడా రాయాలి. నీళ్లు, టీ ఒకటే కాదు, అంబలి, చల్ల, మధ్యాహ్నం తిన్న పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం)లోని నీళ్లూ లెక్కలోకే వస్తాయి. చదువు రాని పెద్దావిడైతే కోడలో మనవరాలో రాయాలి, లేదా గోడ కేలెండరు మీద గీతలు గీయమనాలి.

ఇప్పుడు చూడండి. పగలు ఎనిమిది సార్లు దాటి వెళ్తూ ప్రతిసారీ 100, 150 మి.లీ. మాత్రమే వస్తుంటే సంచి చికాకుపడుతోంది, శిక్షణ ఇస్తే మారుతుంది. ప్రతిసారీ 300, 400 వస్తూ రోజు మొత్తం 2.5 లీటర్లు దాటితే తాగడం ఎక్కువైంది, లేదా షుగర్ ఉంది. పగలు బాగానే ఉండి రాత్రి మూడోవంతు కంటే ఎక్కువ పోతుంటే తప్పు మూత్రాశయానిది కాకపోవచ్చు. కాళ్ల వాపు, ఉప్పు, బీపీ మాత్ర వేసుకునే వేళ, గురక ఇవి చూసుకోవాలి. ఈ కాగితం తీసుకెళ్తే డాక్టరు సగం ప్రశ్నలు అడగనక్కర్లేదు.

మూత్రం పరీక్షకి ఇవ్వడంలో జరిగే పొరపాట్లు

మూత్రంలో ఏ సూక్ష్మజీవి పెరుగుతోందో చూసే కల్చర్ పరీక్ష యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. ఒక్క మాత్ర పడినా సూక్ష్మజీవి పెరగక "నో గ్రోత్" అని వచ్చే వీలుంది. ముందు కింద మామూలు నీళ్లతో కడుక్కుని తుడుచుకోండి. ఒక చేతి రెండు వేళ్లతో పెదవులు విడదీసి పట్టుకుని మొదటి ధార కింద వదిలేయండి. మధ్యలో వచ్చేది 20, 30 మి.లీ. ల్యాబు వాళ్లిచ్చిన డబ్బాలో పట్టి, చివరిది మళ్లీ కింద వదిలేయాలి. డబ్బా అంచుకీ మూత లోపలికీ వేలు తగలకూడదు. ఇంట్లో మందు సీసా కడిగి అందులో పట్టుకెళ్తే ఆ సీసాలోని సూక్ష్మజీవులే రిపోర్టులో కనిపిస్తాయి.

రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి. వేసవిలో బస్సులో గంటల తరబడి చేతిసంచిలో ఉంచిన మూత్రంలో సూక్ష్మజీవులు ఎన్నో రెట్లు అవుతాయి, అక్కడ లేని ఇన్ఫెక్షన్ కనిపిస్తుంది. ఊరు దూరమైతే ల్యాబు దగ్గరికే వెళ్లి అక్కడే ఇవ్వడం మేలు. ఆలస్యం తప్పదనుకుంటే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్లో కాదు, పెట్టి 24 గంటల్లోపు ఐస్ ముక్కల మధ్య పంపాలి.

రిపోర్టులో ఎపిథీలియల్ సెల్స్ (చర్మం, పొరల కణాలు) ఎక్కువ, "మిక్స్‌డ్ గ్రోత్" (రకరకాల సూక్ష్మజీవులు కలిసి) అని ఉంటే పట్టడంలో తేడా వచ్చింది, మళ్లీ ఇవ్వాలి. పస్ సెల్స్ (చీము కణాలు) కొన్ని ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. పలచబడిన పొరనుంచీ అవి వస్తాయి. మంటా లేదు, తొందరా లేదు, వేరే దేనికో చేయిస్తే కల్చర్‌లో ఇ.కోలై వచ్చిందా? చాలామంది పెద్ద వయసు ఆడవాళ్లకు అలా ఉంటుంది. మూత్రం దారిలో ఆపరేషన్ చేయించుకోబోతుంటే తప్ప మందు అక్కర్లేదు. మందు వాడితే మంచి సూక్ష్మజీవులు పోయి మొండివి మిగులుతాయి.

నీళ్లు, తిండి

తెల్లవారి పర్లాకిమిడి నుంచి బరంపురం బస్సెక్కాలంటే ముందు రాత్రి నుంచే నీళ్లు మానేసే ఆడవాళ్లు కొల్లలు. దారిలో దిగడానికి చోటు లేదు, వాళ్ల తప్పు కాదు. కానీ చిక్కగా, పసుపుపచ్చగా మారిన మూత్రం పలచబడిన పొర మీద మరింత మండుతుంది, సూక్ష్మజీవులను కడిగేసే ధారా ఉండదు. రోజుకి 1.5 నుంచి 2 లీటర్లు తాగాలి, ఎండల్లో పొలం పని ఉంటే అంతకన్నా ఎక్కువ. లేతగడ్డి రంగులో మూత్రం వస్తే చాలు. ఒక్కసారే చెంబెడు తాగడం కాదు, గంటకో అర గ్లాసు చొప్పున. ప్రయాణం ఉంటే బయలుదేరేముందు ఒకసారి, దిగగానే ఒకసారి మూత్రానికి వెళ్లి, మధ్యలో గుక్కలు గుక్కలుగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బుకి నీళ్ల కొలత డాక్టరు రాసి ఉంటే ఆ కొలతే మీది.

బార్లీ, సబ్జా తాగితే నీళ్లు లోపలికి పోతాయి కాబట్టి మేలే. అవి ఇన్ఫెక్షన్‌ని చంపవు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు ఉద్దానంలో చుట్టాలున్నవాళ్లకు కిడ్నీ జబ్బు సంగతి చెప్పక్కర్లేదు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినవాళ్లు కొబ్బరినీళ్లను అడిగి మాత్రమే తాగాలి. వాళ్లు మంటకీ నొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మాత్రలు ముట్టుకోకూడదు.

టీ రోజుకి రెండుకి తగ్గించి వారం చూడండి. తేడా కనిపిస్తే అది మీకు పడదన్నట్టు. కారం, పులుపు కూడా ఇలాగే ఒక్కోటి ఆపి చూసుకోవాలి, అన్నీ ఒకేసారి మానేసి నోరు కట్టుకోవడం దేనికీ? గుడాకు పళ్లకు రుద్దే అలవాటుంటే అది మాత్రం మానాలి. ఆ పొగాకులోని నికోటిన్ మూత్రాశయాన్ని రేపుతుంది. మలబద్ధకం ఉంటే నిండిన పేగు సంచిని నొక్కి తొందర పుట్టిస్తుంది. ఆకుకూరలు, రాగి, పండ్లు పెంచి, అప్పటికీ కాకపోతే ఇసబ్‌గోల్ ఒకటి రెండు చెంచాలు గ్లాసు నిండా నీళ్లలో.

కడుక్కోవడం, బట్టలు

సబ్బు, డెట్టాల్, ఉప్పు నీళ్లు, సువాసన వాష్‌లు, వేపాకు కషాయం అన్నీ అక్కడినుంచి తీసేయండి. మామూలు నీళ్లు చాలు, అదీ బయట మాత్రమే, లోపలికి వేలు పెట్టి కడగకూడదు. శుభ్రం అని చేసే ఈ పనే చాలామందికి మంట పెంచుతోంది. ముందునుంచి వెనక్కి కడుక్కోవాలి. చుక్కలు పడితే పాతచీర గుడ్డ పెట్టుకోవచ్చు. తడవగానే మార్చాలి, సబ్బు నురగ మిగలకుండా జాడించి ఎండలో ఆరేయాలి. చాటున, తలుపు వెనక ఆరేసిన గుడ్డ పూర్తిగా ఆరదు.

బయట చర్మం ఎండితే కొబ్బరినూనె పలచగా రాయొచ్చు. భర్తతో కలిసేవాళ్లకు నీటి ఆధారిత జెల్లీ మంచిది. నిరోధ్ వాడుతుంటే నూనె రాయకండి, రబ్బరు చిరుగుతుంది. కలిశాక మూత్రానికి వెళ్లి వచ్చి నీళ్లు తాగండి.

ఒకటి గట్టిగా చెప్పాలి. దురద అనగానే షాపులో ఇచ్చే ఫంగస్ క్రీముల్లో చాలావాటిలో క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత ఉన్న చర్మాన్నే మరింత పలచన చేస్తుంది. ట్యూబు మీద పేరు చదివించుకోకుండా రాయొద్దు. తెల్ల మచ్చలు పడి చర్మం ముడుచుకుపోతుంటే అది వేరే జబ్బు, దానికి అదే స్టెరాయిడ్‌ని డాక్టరు లెక్క ప్రకారం వాడిస్తారు.

ఈస్ట్రియాల్ క్రీము: అసలు మందు

లోపలి పొరను తిరిగి మందంగా చేసేది ఇదే. మాటిమాటికి వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుందనీ పరీక్షల్లో తేలింది. డాక్టరు చీటీ కావాలి. గ్రాముకి 1 మి.గ్రా. ఈస్ట్రియాల్ ఉండే క్రీము మన షాపుల్లో దొరుకుతుంది. ప్రభుత్వాసుపత్రి నిరామయ (ఉచిత మందుల) కౌంటర్లో ఉందేమో ముందు అడగండి, లేకపోతే బయట కొనాలి. మామూలు మోతాదు అర గ్రాము. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. 15 గ్రాముల ట్యూబు మొదటిసారి సుమారు పది వారాలు వస్తుంది. నెలలోపే అయిపోతే ఎక్కువ పెడుతున్నట్టు, ఆరు నెలలకీ అవకపోతే మానేస్తున్నట్టు.

రాత్రి పడుకోబోయే ముందు మూత్రానికి వెళ్లి, చేతులు కడుక్కోండి. ట్యూబుతో వచ్చే గొట్టాన్ని ట్యూబు మూతి మీద తిప్పి బిగించి, దాని మీది గీత వరకు క్రీము ఎక్కించండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, గొట్టాన్ని నడుము వైపు కాస్త వాలుగా మెల్లగా లోపలికి పంపి పిడి నొక్కాలి. నిటారుగా పైకి తోస్తే ముందు గోడకు గుచ్చుకుంటుంది. గొట్టం నొప్పి పెడితే బఠానీ గింజంత క్రీము వేలి మీద తీసుకుని ఒక కణుపు లోపలికి రాసినా పనిచేస్తుంది. మూత్రం వచ్చే రంధ్రం చుట్టూ కొంచెం రాయడం మరవొద్దు, మంట అక్కడే కదా. గొట్టం పిడి ఊడదీసి గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంగి కొలత తప్పుతుంది. క్రీము పెట్టిన రాత్రి భర్తతో కలవకపోవడం మంచిది.

మొదటి వారం చురుక్కుమనొచ్చు, పొర పలచగా ఉండడం వల్ల. చాలామంది అక్కడే ఆపేస్తారు. పొడిదనం మూడు నాలుగు వారాలకు తగ్గుతుంది, మూత్రం బాధ పూర్తిగా నెమ్మదించడానికి మూడు నెలలు పట్టొచ్చు. బాగైంది కదా అని మానేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక పెట్టెలోని కాగితం. గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్ అని దాని మీద ఉన్నది చదివి ఇంట్లో మగవాళ్లు ట్యూబు పారేయించిన ఇళ్లున్నాయి. ఆ హెచ్చరికలు నోటితో రోజూ వేసుకునే హార్మోను మాత్రల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చాయి. ఇంత తక్కువ మోతాదులో లోపల పెట్టే క్రీము రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అయినా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, ముఖ్యంగా దానికి మాత్రలు వాడుతున్నవాళ్లు, క్యాన్సర్ డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందు అది తేలాలి. వీళ్లు హార్మోను లేని మాయిశ్చరైజర్ జెల్ వారానికి రెండు మూడుసార్లు వాడుకోవచ్చు.

తొందరను ఆపడం, కండరాలు బిగించడం

గ్యాసు బయటికి రాకుండా బిగబట్టినప్పుడు లోపలికి, పైకి లాగేది ఏదో అదే మీ కండరం. దాన్ని బిగించి 6 సెకన్లు ఉంచి, అంతే సేపు వదలాలి. ఇలా 8 సార్లు, రోజుకి 3 విడతలు. మొదట్లో 3 సెకన్లే ఆగితే ఆగినంతే చాలు. తొడలు, పిరుదులు కదలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. అది ముందుకు ఉబ్బితే మీరు బిగించడం లేదు, కిందికి ముక్కుతున్నారు, దానివల్ల జారడం పెరుగుతుంది. మూత్రం మధ్యలో ఆపి చూడడం రోజూ చేసే వ్యాయామం కాదు. మూడు నెలలు వదలకుండా చేస్తేనే ఫలితం. దగ్గు, తుమ్ము వచ్చేముందు, బిందె ఎత్తేముందు ఒక్కసారి బిగించండి, ఇది నేర్చుకున్నవాళ్లకు చుక్కలు త్వరగా తగ్గుతాయి.

తొందర వచ్చినప్పుడు పరుగెత్తకండి, పరుగే తడిపిస్తుంది. ఉన్నచోటే ఆగి, కుదిరితే కూర్చుని, ఐదుసార్లు గబగబా బిగించి వదలండి. నిదానంగా ఊపిరి తీయండి. అర నిమిషంలో ఆ పోటు తగ్గుతుంది, అప్పుడు నడిచి వెళ్లండి. లెక్క కాగితంలో గంటకోసారి వెళ్తున్నట్టుంటే మొదటి వారం గంటా పావు, రెండో వారం గంటన్నర, అలా వారానికి పావుగంట చొప్పున మూడు గంటల దాకా జరపండి. ఎందుకైనా మంచిదని ముందుగానే వెళ్లే అలవాటు మూత్రం సంచిని ఇంకా చిన్నది చేస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో మాత్రం ఈ శిక్షణ ఆపాలి.

మోకాళ్ల నొప్పుల వల్ల కుర్చీ దొడ్డికి మారినవాళ్లు పూర్తిగా కూర్చోవాలి. కాళ్లు ఆనకపోతే కింద పీట వేసుకోండి. గాల్లో వంగి నిలబడితే కండరాలు సడలక మూత్రం మిగిలిపోతుంది. అయ్యాక ఒకసారి లేచి, మళ్లీ కూర్చుని ముందుకు వంగితే మిగిలిందీ వస్తుంది.

రాత్రి లేవడం ఎక్కువైతే పడుకునే రెండు గంటల ముందే నీళ్లు ఆపండి. రాత్రి భోజనంలో అప్పడం, ఊరగాయ, ఎండుచేప తగ్గించండి. ఉప్పుకి దాహం, ఆ నీళ్లకి మెలకువ. కాళ్లు వాచేవాళ్లు సాయంత్రం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే ఆ నీరు పగలే పోతుంది. బీపీకి ఇచ్చే నీటి మాత్ర ఉదయానికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి. దొడ్డి దాకా చిన్న బల్బు వెలిగించి ఉంచండి, తుంటి ఎముకలు విరిగేది ఆ చీకట్లోనే.

మాత్రల సంగతి

ఇన్ఫెక్షన్ అని తేలితే డాక్టర్లు ఎక్కువగా రాసేవి నైట్రోఫురాంటోయిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు 5 రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి ఒక్కసారే నీళ్లలో కలిపి. నైట్రోఫురాంటోయిన్ అన్నం తిన్నాక వేసుకోవాలి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే భయం లేదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు అది పనిచేయదు, కాబట్టి క్రియాటినిన్ చూశాకే. దాంతో పాటు మంటకి తియ్యటి ఆల్కలైజర్ సిరప్ తాగితే మూత్రంలో ఆమ్లం తగ్గి ఆ మందు బలం తగ్గుతుంది. రెండూ కలిపి ఇస్తే అడగండి. ఇంట్లో మిగిలిన నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు వేసుకోవద్దు. వాటికి లొంగని ఇ.కోలై ఇప్పుడు మన దగ్గర మామూలైపోయింది, పైగా పెద్ద వయసులో మడమ దగ్గర నరం లాంటి కండరబంధం తెగే ప్రమాదం ఉంది.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వస్తే మాటిమాటికి వస్తున్నట్టు లెక్క. అప్పుడు స్కాను చేసి, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో చూడమనాలి. క్రాన్‌బెర్రీ కొందరికి కొంత పనిచేస్తుంది. డి-మ్యానోస్ పొడికి డబ్బు తగలేయడం ఎందుకో, 2024లో వచ్చిన పెద్ద పరీక్షలో దానివల్ల లాభం కనిపించలేదు.

తొందర శిక్షణకి లొంగకపోతే మందులున్నాయి. ఆక్సీబ్యుటినిన్ రకం వాటితో నోరు ఎండడం, మలబద్ధకం, పెద్దవాళ్లకు మతిమరుపు పెరగడం ఉంటాయి. మిరాబెగ్రాన్‌తో ఆ ఇబ్బందులు తక్కువ, కానీ బీపీ చూసుకుంటూ ఉండాలి.

డాక్టరు దగ్గర

చూపించవలసింది గైనకాలజిస్టుకి. గంజాం, గజపతి వాళ్లకు బరంపురం ఎమ్.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కొరాపుట్, జయపురం వైపు వాళ్లకు కొరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. అంతకుముందు జిల్లా ఆసుపత్రిలో చూపించినా సరిపోతుంది. మూడు రోజుల లెక్క, పాత కల్చర్ రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రల ఖాళీ అట్టలు, ఆపరేషన్ కాగితం ఒక సంచిలో వేసుకోండి.

ఒడియా అంతగా రాని పెద్దావిడ సిగ్గుతో "కడుపునొప్పి" అని చెప్పి గ్యాసు మాత్రలతో తిరిగి రావడం జరుగుతూ ఉంటుంది. వెంట కొడుకు కాకుండా కూతురో, కోడలో, ఊళ్లో ఆశా కార్యకర్తో ఉంటే మేలు. ఎవరూ లేకపోతే ఈ మూడు మాటలు చాలు: "పరిస్రా కలాబేళే జ్వళాపోడా హేఉఛి" అంటే మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంది, "మాసిక బంద హోయిగలాణి" అంటే ముట్లు ఆగిపోయాయి, "రక్త పడుఛి" అంటే రక్తం పడుతోంది. ఆ తర్వాత లోపల పరీక్ష చేయమని మీరే అడగండి. చూడకుండా మాత్రలు రాసిస్తే, కల్చర్ ముందు ఇవ్వవచ్చా, ఈస్ట్రియాల్ క్రీము నాకు పనికొస్తుందా అని ఈ రెండు ప్రశ్నలూ అడిగాకే లేవండి.